మందుసీసాపై సత్యం: హార్వే వైలీ

హార్వే వాషింగ్టన్ వైలీ 1844 అక్టోబరులో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. వైద్యపట్టం పొందినప్పటికీ ఆయన మనస్సు రసాయనశాస్త్రంపైనే లగ్నమైంది. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి నిర్వహించి, 1883లో కేంద్ర వ్యవసాయశాఖకు ప్రధాన రసాయన శాస్త్రవేత్త అయ్యారు.

ఆనాడు మందుసీసాలో ఏమున్నదో కొనేవారికి తెలిసేది కాదు. పసిబిడ్డల ఏడుపు మాన్పుతుందని అమ్మిన పానకంలో మార్ఫిన్ ఉండేది. తల్లులు దానిని ప్రేమతోనే పట్టేవారు. ఈ అజ్ఞానాన్ని తొలగించే చట్టం కోసం వైలీ రెండు దశాబ్దాలకు పైగా పోరాడారు. 1906 జూన్ 30న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆ చట్టంపై సంతకం చేశారు. మద్యం, నల్లమందు, కొకైన్ వంటివి మందులో ఉంటే వాటి పేరును, పరిమాణాన్ని సీసాపై ముద్రించడం విధి అయింది.

అసలు పరీక్ష న్యాయస్థానాలలో ఎదురైంది. 1908లో వాషింగ్టన్ నగరంలో తలనొప్పి మందు తయారుచేసిన ఔషధవ్యాపారి దోషిగా తేలి 700 డాలర్ల జరిమానా చెల్లించాడు. అతడు కారాగారానికి మాత్రం పోలేదు. 1911లో మరింత పెద్ద దెబ్బ తగిలింది. క్యాన్సరును నయం చేస్తుందంటూ కాన్సస్ సిటీ నుండి ఒక మందు అమ్ముడుపోతున్నది. ఆ మాట అసత్యమని ప్రభుత్వం అభియోగం మోపింది. సీసాలోని పదార్థం ఏమిటన్న విషయంలో అబద్ధమాడితేనే ఈ చట్టం క్రింద నేరమనీ, రోగం కుదురుతుందన్న మాట దాని పరిధిలోకి రాదనీ సుప్రీంకోర్టు అధిక సంఖ్యాక న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. మరుసటి ఏడాది చట్టాన్ని సవరించారు గాని, మోసగించే ఉద్దేశాన్ని నిరూపించవలసిన భారం ప్రభుత్వంపైనే ఉంచారు. వంచకునికి అంతకంటె అనుకూలమైన సందు వేరే ఏముంటుంది?

వైలీ పట్టుదల కొన్నిసార్లు మొండితనంగానూ పరిణమించింది. కోకాకోలాలోని కెఫీన్‌పై ఆయన సాగించిన వ్యాజ్యం ఏళ్ళ తరబడి నడిచింది. పై అధికారులతో విభేదించి 1912 మార్చిలో పదవికి రాజీనామా చేశారు. పిమ్మట ఒక గృహిణుల పత్రిక ప్రయోగశాలలో ఆహారపదార్థాలను పరీక్షిస్తూ, పాఠకులకు వాటి గుణదోషాలు తెలిపారు. 1930 జూన్ 30న మరణించారు. చట్టంపై సంతకం జరిగిన దినం కూడ అదే.

1937లో ఎలిక్సిర్ సల్ఫనిలమైడ్ అనే మందులో విషద్రావకం కలియడం వల్ల నూరుమందికి పైగా మరణించారు. వారిలో పసివారు అనేకులు. ‘ఎలిక్సిర్’ అంటే మద్యం కలిసిన మందు. ఇందులో మద్యం లేదు. ఆ పేరు తప్పు గనుకనే అధికారులు సీసాలను స్వాధీనం చేసుకోగలిగారు. ప్రాణాలు తీసినందుకు కాదు. విక్రయానికి ముందే మందు సురక్షితమని నిరూపించాలనే చట్టం 1938లో వచ్చింది.