డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

శ్రీకాకుళ, విజయనగర మండలములకు బోదకాలు చిరపరిచితమైన వ్యాధి. దానిని అరికట్టుటకై ఊరూర పంచిపెట్టిన డై ఇథైల్ కార్బమజైన్ మాత్ర ఒక ఆంధ్రుని నాయకత్వమున వెలువడినదని ఎందరెరుగుదురు? ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. మదరాసు వైద్య కళాశాలలో గాంధీ మహాత్ముని పిలుపు నాలించి ఖద్దరు అంగీతో శస్త్రచికిత్సకు నిలువగా ఆచార్యుడు ఆగ్రహించెను. అందుచే ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణివ్యాధికి బలియైరి. తానును ఆ రోగము పాలై, ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే కోలుకొనెను. పిమ్మట ఆయుర్వేద కళాశాలలో బోధించుచు, ఆ ఔషధములను నవీన పరీక్షలకు నిలుపగోరెను. తరువాత బోస్టను చేరి, హార్వర్డులో పరిశోధనలు సాగించెను.

1940లో లెడర్లీ ఔషధ సంస్థలో ప్రవేశించెను. 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసెను. సోదరులను హరించిన స్ప్రూకు అది మందయ్యెను. కాని ఆ జాతి పదార్థములను బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తపు కాన్సరు గల బిడ్డల కీయగా, రోగము పెచ్చు పెరిగినట్లు తోచెను. లాభమే పరమార్థమైనచో ఆ సంగతి మరుగున పడియుండును. సుబ్బారావు బృందము దానినే ఆధారముగ గొని, ఫోలిక్ ఆమ్లమునకు ఎదురునడచు అమినోప్టెరినును సిద్ధపరచెను. 16 మంది బిడ్డలలో 10 మందికి మేలు కలిగెననియు, ఆ మేలు తాత్కాలికమనియు, మందునకు విషగుణము కలదనియు ఫార్బరు 1948 జూనులో దాచక ప్రకటించెను. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు న్యూయార్కులో 53వ యేట కన్నుమూసెను.

అనుకూల ఫలితమును, ప్రతికూల ఫలితమును ఒకే త్రాసున తూచుట ఈ జీవితము నేర్పు పాఠమని మేము తలచెదము. కాన్సరును మూన్నాళ్లలో మాన్పుదుమను ప్రకటనలను చూచునపుడు మన మడుగవలసిన దొక్కటే: ఎందరి కిచ్చితిరి, ఎందరు బ్రతికిరి, ఎందరికి చెరుపు కలిగెను? బదులు లేని మందు స్వదేశీయమైనను విదేశీయమైనను కొనదగదు.

మందుకంటె ముందు రోగమును గుర్తింపవలెను. మన పల్లెలలో చుట్టను నిప్పువైపు నోటనుంచి కాల్చు అడ్డపొగ ఆచారము కలదు. శ్రీకాకుళ మండలమున 10,169 మంది గ్రామస్థులను పరీక్షించిన పరిశోధన ఒకటి 1971లో వెలువడి, అంగిటి వ్యాధులకు ఈ ఆచారముతో గల సంబంధమును స్థాపించెను. నోరు తెరచి చూచిన కనబడు రోగమునకు మన తల్లులు బలియగుట న్యాయమా? 30 ఏండ్లు దాటిన వారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సరు పరీక్షలు జరుపవలెనని 2016లో కేంద్ర ప్రభుత్వము మార్గదర్శకములు వెలువరించినది. ప్రతి ఆరోగ్యకేంద్రమును ఎందరిని పరీక్షించినదో, ఎందరికి రోగము కనబడినదో, వారిలో ఎందరికి చికిత్స అందినదో ఏటేట లెక్క చెప్పవలెను. ఆ లెక్క నడుగుట గ్రామపెద్దల ధర్మము, పట్టణవాసుల హక్కు.