మన్రో దొర: మతము, రాజ్యము, విద్య

దైవభక్తి మనుష్యుని హృదయములో తనంతట తాను పుట్టవలసినదే కాని, పన్ను వసూలుచేయు చేతితో నాటదగినది కాదు. ఈ మాట నెల్లరును ఒప్పుకొందురు. అయినను అధికారము చేతికి వచ్చిన పిమ్మట దీని నాచరణలో పెట్టినవారు మిక్కిలి యరుదు. బడిలో నేమి నేర్పవలెను, ఎవరి మతము నేర్పవలెను, మతబోధకు బడిలో తావుండవలెనా యను వివాదము నేటికిని తీరలేదు. రెండువందల యేండ్లకు పూర్వము మన దత్తమండలములలోనే యీ వివాదము తలయెత్తినప్పుడు దానికి తీర్పు చెప్పిన సర్ తామస్ మన్రోగారి చరిత్రమును చదువరుల యెదుట నుంచుచున్నాము. ఆయన మన దేశస్థుడు కాడు. మనలను జయించిన కంపెనీవారి సేవకుడు. గుణము పరునియందున్నను గ్రహింపవలసినదే, దోషము పూజ్యునియందున్నను చెప్పవలసినదే.

మన్రోగారు 1761వ సంవత్సరము మే నెల 27వ తేదీని స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించిరి. తండ్రి అమెరికాతో వర్తకము చేయువాడు. అచ్చటి యుద్ధమువలన ఆ వ్యాపారము చెడిపోయెను. కుమారుడు 1780లో సైనికుడై చెన్నపట్టణము చేరెను. హైదరాలీతోను టిప్పు సుల్తానుతోను జరిగిన యుద్ధములలో పనిచేసి, పారసీక హిందూస్థానీ భాషలు నేర్చి, బారామహలు సీమలో భూమిశిస్తు వ్యవహారములు గ్రహించెను. 1800వ సంవత్సరమున నైజాము ప్రభువు బళ్లారి, కడప ప్రాంతములను కంపెనీవారికి వదలుకొనగా, ఆ దత్తమండలములకు మన్రోగారు ప్రధాన కలెక్టరుగా వచ్చి అనంతపురమున నివాసమేర్పరచుకొనిరి.

ఆనాటి యీ సీమ స్థితి యెట్టిది? వానలు ఎన్నడును నిలుకడగా కురియని మిట్టనేల, ఎఱ్ఱగరపమట్టి చేలు, ఎండిన పెన్న. దీనికి తోడు ఎనుబదిమంది పాలెగాండ్రు. మన్రోగారు పాలెగాండ్ర నణచి, ఏడేండ్లు గుడారములలో తిరుగుచు, పొలము పొలమును కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించు రైతువారీ పద్ధతిని నెలకొల్పిరి. ఆ శిస్తు మొదట మిక్కిలి భారమై యుండెననుట సత్యము. ఆయనయే 1807లో దానిని నాలుగవవంతు తగ్గింపుమని పైవారికి వ్రాసెను. వారు వినలేదు. తాను గవర్నరైన పిమ్మట, 1820లో, ఆ తగ్గింపును తానే చేయవలసివచ్చెను. నడుమ గడచిన పదుమూడేండ్లును రైతులే భరించిరి.

ఇనాముల విచారణయు కలెక్టరు పనియే గనుక గుళ్లు, మఠములు, దర్గాల మాన్యములన్నియు ఆయన చేతిలో నుండెను. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి బృందావనము చెంత స్వామి ఆయనకు ప్రత్యక్షమై మాటలాడెనని జనులు నేటికిని చెప్పుకొందురు. ఆ కథను నమ్ముటయు మానుటయు చదువరుల యిష్టము. అన్యమతస్థుడగు అధికారి తమ మఠపు భూమిని లాగుకొనక విడిచెనను కృతజ్ఞతయే యట్టి కథలకు మూలమని మేము తలంచుచున్నాము.

1820లో మన్రోగారు మదరాసు గవర్నరు పదవి నందిరి. ఆ వెనుక రెండేండ్లకు బళ్లారి మండలమున నొక సంగతి జరిగెను. అనంతపురము ఆ కాలమున బళ్లారిలో చేరియుండెను. ప్రత్యేక మండలమైనది 1882లో. అచ్చటి సబుకలెక్టరొకడు క్రైస్తవ మతమునందు భక్తి గలవాడై, కచేరీకి వచ్చు జనులకు మతపుస్తకములు పంచిపెట్టుటకును, ప్రభుత్వోద్యోగుల నాపనిలో వినియోగించుటకును పూనుకొనెను. తాను సొంతమనుష్యుడుగా చేయుచున్నాననియు, ఎవరిని బలాత్కరించుట లేదనియు అతడు తలంచెను.

మన్రోగారును క్రైస్తవులే. అయినను ఆయన దీని నంగీకరింపలేదు. 1822 నవంబరులో వ్రాసిన నిర్ణయములో ఆయన చూపిన హేతువు సులభముగా బోధపడునది. శిస్తు హెచ్చించుటకును తగ్గించుటకును అధికారము గలవానికి సొంతమనుష్యుడను వేషము చెల్లదు. అతడు పుస్తకమిచ్చినచో రైతు దానిని దొరగారి యాజ్ఞగానే యెంచును. మతమును పాలనతో కలిపినచో జనులకు పాలనమీద నమ్మిక పోవును. మతముమీద గౌరవమును పెరుగదు. ఇందు రాజ్యక్షేమమను స్వార్థమున్నదని యెవరైన నన్నచో మేము కాదనము. స్వార్థముచే చెప్పబడినను న్యాయము న్యాయమే.

ఆ సంవత్సరముననే జూన్ నెలలో ఆయన రాజధానియందలి బడులన్నిటి లెక్కను కలెక్టర్లనుండి కోరిరి. బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ దొర 1823 ఆగస్టులో పంపిన నివేదిక నేటికిని చదువదగినది. తెలుగు వ్యాకరణమును, నిఘంటువును రచించిన కాంబెల్ దొర ఈయనయే. ఇంచుమించు పదిలక్షల జనులుగల ఆ మండలమున 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. బడులలో 235 కన్నడపువి, 226 తెలుగువి, ఇంగ్లీషుది ఒక్కటి. బాలికలు అఱువదిమంది మాత్రమే.

ఆ బడులలో నేమి చదివిరి? ఇసుకమీద అక్షరములు దిద్దిరి. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పిరి. ఎక్కములు, లెక్కలు వల్లించిరి. చదువుకొను గ్రంథము కులమునుబట్టి, మతమునుబట్టి మారుచుండెను. కొందరికి రామాయణ భారత భాగవతములు, లింగాయతులకు బసవపురాణము, కమ్మరి కంసాలి మొదలగువారికి విశ్వకర్మ పురాణము. పద్యములు కంఠస్థములయ్యెను, అర్థము తెలియదయ్యెను. వాన యేల కురియును, ఏల కురియదు, బావిలో నీరెట్లు ఊరును, మశూచి యెట్లు వ్యాపించును అనునట్టి ప్రశ్నలకు ఆ చదువులో చోటు లేదు. కఱవునేలలో పుట్టిన బాలునికి తన నేలను గూర్చి తెలిసికొనుటకంటె ముఖ్యమైన విద్య యేమున్నది? బడులు క్షీణించుటకు జనుల దారిద్ర్యమే కారణమనియు, సీమబట్టలు వచ్చి నేతగాండ్ర వృత్తి చెడుటయు అందులో నొకటియనియు కాంబెల్ దొర దాచక వ్రాసెను.

లెక్కలన్నియు చేరినపిమ్మట 1826 మార్చిలో మన్రోగారు తమ విద్యాపథకమును ప్రకటించిరి. రాజధానియందు 1,28,50,941 మంది జనులకు 12,498 బడులుండెను. చదువుకొనువారు 1,88,650 మంది. కలెక్టరేటునకు రెండు పెద్దబడులు, తాసీల్దారీకి ఒక బడి, ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుటకు చెన్నపట్టణమున నొక పాఠశాల స్థాపింపవలెననియు, ప్రభుత్వమే జీతములియ్యవలెననియు ఆయన యాలోచన. చదువుకొన్నవారికి ఉన్నతోద్యోగములు లేనిచో చదువు వ్యర్థమని కూడ ఆయన తలంచెను.

ఈ పథకమున లోపములు లేకపోలేదు. కలెక్టరేటు బడులు రెంటిలో నొకటి హిందువులకు, ఒకటి మహమ్మదీయులకు అని విభజించిరి. ప్రకృతిశాస్త్రములకు అందు ప్రాధాన్యము లేదు. ఆ సంవత్సరములలోనే, 1823 డిసెంబరులో, రాజా రామమోహన రాయలుగారు కలకత్తానుండి గవర్నరు జనరలునకు లేఖ వ్రాసి, ప్రభుత్వధనముతో సంస్కృత వ్యాకరణ వేదాంతముల కొఱకు పాఠశాల పెట్టుటకంటె, గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, శరీరశాస్త్రము నేర్పింపుడని కోరియుండిరి. తన వేదాంతమునందు అంత పాండిత్యము గల పురుషుడు సర్కారుబడిలో దానికంటె శాస్త్రము ముందుండవలెనని కోరుటను చదువరులు ఆలోచింపవలెను. మన్రోగారు బడినుండి అధికారి మతమును వెలుపల నుంచిరి; రాయలుగారు బడిలోనికి ప్రకృతిసత్యమును పిలిచిరి. ఒకటి లేక రెండవది నిలువదు.

పదవి విడిచి స్వదేశమునకు పోవుటకు ముందు మన్రోగారు తాము ప్రేమించిన దత్తమండలములను కడసారి చూడవచ్చిరి. 1827 జూలై 6వ తేదీని పత్తికొండయొద్ద విశూచి సోకి మరణించిరి. గుత్తికోట క్రింద ఆయనను పాతిపెట్టిరి. తరువాత 1831లో అస్థులను చెన్నపట్టణమునకు గొనిపోయిరి. ఈ ప్రాంతమువారు బిడ్డలకు మన్రోలప్పయని పేరు పెట్టుకొనిరి. పన్ను వసూలుచేసినవానికి అట్టి గౌరవము దొరకుట సామాన్యము కాదు.

ఆయన బడులు ఎక్కువకాలము నిలువలేదు. 1836లో ప్రభుత్వమువారు వానిని మాన్పిరి. 1846లో వేఱొక గవర్నరు ప్రభుత్వ పాఠశాలలలో బైబిలును పాఠ్యగ్రంథముగా చేర్ప దలంపగా, గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠిగారు జనులను కూడగట్టి ప్రతిఘటించిరి. మరుసటి యేట లండనులోని డైరెక్టర్లు ఆ యాలోచనను నిరాకరించిరి. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగములోని 28వ అధికరణము, పూర్తిగా ప్రభుత్వధనముతో నడచు పాఠశాలలలో మతబోధ కూడదని విధించినది. శాస్త్రీయ దృష్టిని పెంపొందించుట పౌరుని కర్తవ్యమని 1976లో చేర్పబడినది.

చదువరులారా, శాసనము పుస్తకములో నుండుట సులభము. తన మతము తనకు ప్రియమైనప్పుడు, దానిని వ్యాపింపజేయు బలము తన చేతిలో నున్నప్పుడు, ఆ చేతిని వెనుకకు తీసికొనుట కష్టము. మన్రోగారు ఆ కష్టమైన పనిని చేసిరి. నేడు అధికారము మన చేతిలోనే యున్నది, బడియు మనదే, పిల్లలును మనవారే. ఆ సబుకలెక్టరు స్థానమున మనము నిలిచినప్పుడు ఏమి చేయుదుమో ప్రతివారును తమ మనస్సాక్షి నడుగుకొందురు గాక.