గబ్బర్ పేరు అందరికీ తెలుసు, అమ్జద్ ఖాన్ జీవితం కొందరికే

గబ్బర్ సింగ్ అంటే తెలియని వాళ్లు మన తెలుగు నేలమీద కూడా తక్కువే. 2012లో ఓ తెలుగు సినిమాకి ఆ పేరే పెట్టారు. కానీ ఆ పాత్రకు ప్రాణం పోసిన అమ్జద్ ఖాన్ ఎన్ని కష్టాలు దాటి అక్కడిదాకా వచ్చారో తెలిసిన వాళ్లు మాత్రం కొద్దిమందే.

అమ్జద్ 1940 నవంబర్ 12న పుట్టారు. తండ్రి జకరియా ఖాన్ పెషావర్ ప్రాంతానికి చెందిన పఠాన్. జయంత్ అనే పేరుతో హిందీ సినిమాల్లో నటించారు. మధుమతి, హకీకత్ సినిమాలు చూసిన పెద్దవాళ్లకు ఆయన గుర్తుండే ఉంటారు. తండ్రికి ఎంత పేరున్నా కొడుకుకు దారి సులువు కాలేదు. చిన్న వేషాలు, నాటకాలు, దర్శకుడు కె. ఆసిఫ్ దగ్గర సహాయకుడిగా పని... ఇలా ఏళ్లు గడిచాయి. 1972లో షెహ్లాతో నికాహ్ అయింది. ఆమె ప్రముఖ ఉర్దూ కవి అఖ్తరుల్ ఈమాన్ కూతురు.

1973 సెప్టెంబర్‌లో కొడుకు షాదాబ్ పుట్టాడు. ఆస్పత్రి నుంచి భార్యాబిడ్డల్ని ఇంటికి తెచ్చుకోవడానికి అమ్జద్ చేతిలో 400 రూపాయలు కూడా లేవట. దర్శకుడు చేతన్ ఆనంద్ ఆ డబ్బు ఇచ్చి ఆదుకున్నారని షాదాబ్ పెద్దయ్యాక చెప్పారు. షోలేలో అవకాశం ఖాయమైంది కూడా ఆ రోజుల్లోనే.

నిజానికి ఆ వేషం డానీ డెంజోంగ్పాది. ఆయన ధర్మాత్మా షూటింగ్ కోసం అఫ్ఘానిస్తాన్ వెళ్లాల్సి రావడంతో వదులుకున్నారు. రచయిత సలీం ఖాన్ అమ్జద్ పేరు చెప్పారు, దర్శకుడు రమేశ్ సిప్పీ సరేనన్నారు. కథ అందరికీ తెలిసిందే. తనను పట్టుకున్న పోలీసు అధికారి ఠాకూర్ మీద పగబట్టి గబ్బర్ అతని కుటుంబాన్ని చంపేస్తాడు, అతని రెండు చేతులూ నరికేస్తాడు. ఠాకూర్ బదులు తీర్చుకోవడమే మిగతా సినిమా. అమ్జద్ ఊరికే కూర్చోలేదు. చంబల్ దోపిడీదొంగల మీద పత్రికా రచయిత తరుణ్ కుమార్ భాదురి రాసిన పుస్తకం చదివి మరీ సిద్ధమయ్యారు.

బెంగళూరు దగ్గర రామనగరం బండల మధ్య షూటింగ్ జరిగింది. కొత్తవాడు కావడంతో మొదట్లో తడబడ్డారు. గొంతు పీలగా ఉంది, ఇంత పెద్ద విలన్‌కు సరిపోదని యూనిట్‌లో కొందరికి అనుమానం వచ్చింది. వేరే వాళ్లతో డబ్బింగ్ చెప్పించాలన్న మాట కూడా వచ్చింది. సిప్పీ ఒప్పుకోలేదు. చివరికి ఆ గొంతే దేశమంతా మార్మోగింది. ఆ సినిమా మాటలు రికార్డుల మీద అచ్చయి పాటల్లా అమ్ముడుపోయాయి.

కానీ ఆ గెలుపు చూడటానికి తండ్రి లేరు. క్యాన్సర్‌తో బాధపడుతూ జయంత్ 1975 జూన్ 2న కన్నుమూశారు. షోలే విడుదలైంది ఆగస్టు 15న. మధ్యలో రెండున్నర నెలలే తేడా. మొదటి రోజుల్లో సినిమా పోయిందనే అన్నారు. తర్వాత ముంబై మినర్వా థియేటర్‌లో అదే సినిమా ఐదేళ్లకు పైగా ఆడింది. పిల్లలు తినే గ్లూకోజ్ బిస్కెట్ల ప్రకటనలో కూడా గబ్బరే కనిపించాడు!

సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. 1976లో గోవా దారిలో ఘోరమైన కారు ప్రమాదం జరిగింది. పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తి దెబ్బతింది. ప్రాణం దక్కింది గానీ, వాడిన మందుల వల్ల ఒళ్లు విపరీతంగా పెరిగిపోయింది. ఆ బరువు ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

అయినా పని ఆపలేదు. 1977లో సత్యజిత్ రే తీసిన శత్రంజ్ కే ఖిలాడీలో ఆంగ్లేయులకు రాజ్యం పోగొట్టుకునే అవధ్ నవాబు వాజిద్ అలీ షాగా నటించారు. నిన్నటి బందిపోటు, కవిత్వమూ సంగీతమూ ప్రేమించే నవాబుగా మారిపోయాడు. ఖుర్బానీలో నవ్వించారు, యారానాలో ప్రాణమిచ్చే దోస్తుగా కంటతడి పెట్టించారు. దాదా, యారానా సినిమాలకు ఫిలింఫేర్ ఉత్తమ సహాయ నటుడి అవార్డులు వచ్చాయి. రెండు సినిమాలకు దర్శకత్వం కూడా వహించారు. నటుల సంఘానికి అధ్యక్షుడిగా ఉండి, నటులకు నిర్మాతలతో గొడవలొస్తే మధ్యలో నిలబడి సర్దిచెప్పేవారు.

1992 జూలై 27న గుండెపోటుతో ఆయన వెళ్లిపోయారు. వయసు 51 ఏళ్లే. నిర్మాతల నుంచి రావాల్సిన సొమ్ము చాలా ఉండిపోయిందని, అది ఇంటికి చేరలేదని షాదాబ్ తర్వాత చెప్పారు. ఆ బాకీలు మూడు రోజుల్లో వసూలు చేసిస్తామని అండర్‌వరల్డ్ నుంచి ఫోన్ వస్తే షెహ్లా వద్దనేశారట. తన భర్త ఏనాడూ అలాంటి వాళ్ల సాయం తీసుకోలేదన్నది ఆమె జవాబు.

తెర మీద ఆయన పగకు మారుపేరు. ఇంట్లో ఆయన వదిలి వెళ్లింది మాత్రం, ఇబ్బందుల్లో కూడా హలాల్ సొమ్ము చాలనుకున్న కుటుంబాన్ని.