బ్రౌన్ దొర కాలవినియోగం

పందొమ్మిదవ శతాబ్ది తొలి దశాబ్దాలలో అనేక తెలుగు కావ్యాలు తాళపత్రాలలోనే జీర్ణిస్తూ ఉండేవి. నకళ్ళు వ్రాసే లేఖకులకు పోషణ కరవైంది. చెదలు తిన్న ప్రతితో ఒక కావ్యమే అంతరించే ప్రమాదం ఉండేది. ఆ సాహిత్యాన్ని ఉద్ధరించడానికి పూనుకొన్న చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌కు భాషాసేవ వృత్తి కాదు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా శిస్తు వసూళ్ళు, న్యాయవిచారణలు ఆయన నిత్యకృత్యాలు. తెలుగుకు మిగిలినవి కచేరీ ముగిసిన తరువాతి గంటలే.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకుడు. 1817లో మద్రాసు చేరిన బ్రౌన్ అక్కడి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చుకొన్నాడు. 1820లో కడపలో ఉద్యోగ జీవితం ఆరంభమైంది. 1824లో వేమన పద్యాల వైపు ఆయన దృష్టి మళ్ళింది. 1829లో 693 పద్యాలను ఆంగ్లానువాదంతో సహా ప్రకటించాడు.

ఒక్క మనిషి సాయంకాలాలు ఇంతటి పనికి చాలవని ఆయన త్వరలోనే గ్రహించాడు. ప్రతులు సేకరించడం, నకళ్ళు తీయడం, పాఠాంతరాలను గుర్తించడం పండితులూ లేఖకులూ చేయగలిగిన పనులు. కడపలోని తన బంగళాలో వారికి కొలువిచ్చి, జీతాలు సొంత డబ్బుతో చెల్లించాడు. అది చాలనప్పుడు అప్పులు చేశాడు. ఆ బంగళాకు బ్రౌన్ కళాశాల అన్న పేరు వచ్చింది. పగలు ఆయన కచేరీలో ఉన్నా, బంగళాలో పని సాగుతూనే ఉండేది. తిరిగివచ్చిన తరువాతి సమయం, పండితుల శ్రమను పరిశీలించి అర్థాలు నిర్ణయించడానికి మిగిలేది. ఒక విధంగా ఆయన ధనమిచ్చి కాలాన్ని కొన్నాడనవచ్చు.

అవివాహితుడు గనుక తీరిక దొరికిందని కొందరు అనవచ్చు. అది సగం నిజమే. తీరిక గల కంపెనీ దొరలు ఇంకా ఎందరో ఉండేవారు. వారి సాయంకాలాలు వేటలకూ విందులకూ చెల్లిపోయాయి.

1834లో ఉద్యోగం పోయి, బ్రౌన్ ఇంగ్లండు చేరవలసి వచ్చింది. కోరని విరామమది. మరొకరైతే ఆ కాలాన్ని విచారంలో గడిపేవారేమో. ఆయన లండన్‌లోని కంపెనీ గ్రంథాలయానికి వెళ్ళి, అక్కడ ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్న తెలుగు వ్రాతప్రతులను వెదకి, వాటిని మద్రాసుకు చేర్పించే ఏర్పాటు చేశాడు.

తిరిగి మద్రాసు వచ్చి పారశీక అనువాదకుడిగా, అటుపై పోస్టుమాస్టర్ జనరల్‌గా పనిచేశాడు. పదవులు మారినా దినచర్యలో తెలుగు స్థానం మారలేదు. 1840లో వ్యాకరణం వెలువడింది. కావ్యపదాలతో పాటు జనుల నోట వినిపించే మాటలకూ చోటిచ్చిన తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. ఎన్నో ఏళ్ళ సాయంకాలాల ఫలమది.

అనారోగ్యంతో ఉద్యోగం విరమించి లండన్ చేరిన తరువాత, 1865 నుండి అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా ఉన్నాడు. 1884 డిసెంబరు 12న మరణించాడు. కడపలో ఆయన బంగళా కాలగర్భంలో కలిసింది. ఆ స్థలంలోనే తరువాత ఆయన పేరిట ఒక గ్రంథాలయం వెలసింది.