డాక్టర్ అన్నా కుగ్లర్

మీరు జంషెడ్‌పూర్‌లోని కద్మాలో ఉన్నా, గుంటూరులో ఉన్నా, ఆసుపత్రికి వెళ్ళినప్పుడు మిమ్మల్ని ముందుగా పలకరించేది నర్సు. జ్వరం చూసేది, సూది వేసేది, రాత్రంతా మేలుకొని రోగిని కనిపెట్టుకొని ఉండేది ఆమే. 1880లలో తెలుగు జిల్లాల్లో ఇటువంటి నర్సులు దాదాపు లేరనే చెప్పాలి. గుంటూరులో ఆ లోటు తీర్చడానికి పాటుపడిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టారు. ఆడవాళ్ళు డాక్టరు చదువు చదవడం అక్కడ కూడా అరుదుగా ఉన్న రోజులవి. ఆమె ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టా పొందారు. 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మిషన్ వారు ఆమెను డాక్టరుగా పంపలేదు! గోషాలో ఉండే స్త్రీలకు ఇళ్ళకు వెళ్ళి చదువు చెప్పడం ఆమెకు అప్పగించిన పని. వైద్యం మొదలుపెట్టడానికి మిషన్ అప్పటికి సిద్ధంగా లేదు. కాని పాఠం చెప్పడానికి వెళ్ళిన ఇళ్ళలో ఆమెకు జబ్బుపడిన స్త్రీలు కనిపించారు. మగ డాక్టరుకు చెయ్యి చూపించడానికి కూడా ఒప్పుకోని కుటుంబాలవి. కాన్పు కష్టమైతే మంత్రసాని తప్ప దిక్కు లేదు. తల్లో బిడ్డో దక్కని కాన్పులు ఎన్నో. ఇదంతా చూస్తూ ఒక డాక్టరు పలకలు, పుస్తకాలతో సరిపెట్టుకోగలదా? ఆమె వైద్యం మొదలుపెట్టారు. 1885 చివరికి మిషన్ ఆమెను డాక్టరుగా గుర్తించింది. మరుసటి ఏడాది చిన్న మందుల శాల తెరిచారు. స్త్రీలకు, పిల్లలకు పెద్ద ఆసుపత్రి 1898లో మొదలయింది.

కట్టడం లేస్తే ఆసుపత్రి అయిపోదు. డాక్టరు రోగిని చూసి వెళ్ళిపోతారు. తక్కిన ఇరవైమూడు గంటలూ ఎవరు చూడాలి? అందుకే అమెరికా నుంచి వచ్చిన కేథరిన్ ఫాస్ అనే నర్సు తోడ్పాటుతో ఇక్కడి అమ్మాయిలకు శిక్షణ ఇచ్చారు. అది సులువైన పని కాదు. పరాయివారి ఒళ్ళు తుడవడం, మలమూత్రాలు ఎత్తడం తక్కువ పని అని లోకం అనుకునేది. క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలే ఎక్కువగా ముందుకు వచ్చారు. కాన్పుకు ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పనిముట్లు మరిగే నీళ్ళలో ఉడికించాలి. బాలింత జ్వరాన్ని ఆపేవి ఇవే. నా దృష్టిలో ఖరీదైన మందులకంటే ఈ అలవాట్లే ఎక్కువమందిని బతికించాయి.

ఏలూరు రాజా తన భార్యకు జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా, రోగుల బంధువులు దిగడానికి సత్రం కట్టించారు. సొంతంగా వండుకొని తినే వీలుంటే ఆసుపత్రికి రావడానికి జంకేవారు కూడా వస్తారు కదా! 1905లో ప్రభుత్వం కుగ్లర్‌కు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

ఇప్పుడు కాన్పుల పనిలో నర్సుల బాధ్యత ఇంకా పెరిగింది. ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు మామూలు కాన్పును తానే నిర్ణయాలు తీసుకుంటూ జరిపిస్తుంది. ప్రమాదం కనిపిస్తే డాక్టరును పిలుస్తుంది. ఆమెను నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అంటారు. తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో ఇలాంటి శిక్షణ ప్రారంభించింది. 2018లో కేంద్రప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శకాలు వెలువరించింది.

కుగ్లర్ 1930 జులై 26న గుంటూరులోనే కన్నుమూశారు. ఆమె ఇక్కడికి వచ్చి అప్పటికి నలభై ఆరేళ్ళు దాటింది. తరువాత ఆ ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు.