చార్లెస్ డికెన్స్: పిసినారి మనసు మార్చిన క్రిస్మస్ కథ.. రాసిన చేతికి మాత్రం మానని గాయం!

క్రిస్మస్ వచ్చిందంటే చాలా దేశాల్లో గుర్తొచ్చే పేరు స్క్రూజ్. డబ్బే లోకంగా బతికిన ముసలి పిసినారి ఒక్క రాత్రిలో మనిషిగా మారిపోతాడు. ఈ కథ మీద వచ్చిన సినిమాలు, నాటకాలు, కార్టూన్లకు లెక్కే లేదు. దీన్ని రాసింది ఇంగ్లండ్ రచయిత చార్లెస్ డికెన్స్. ఆ పుస్తకం వెనక ఆయన దాచుకున్న సంగతి మాత్రం ఆయన బతికుండగా లోకానికి తెలియలేదు.

అది 1843. డికెన్స్‌కు అప్పటికి 31 ఏళ్లు. పేరైతే ఉంది గానీ, భాగాలుగా వస్తున్న కొత్త నవల అనుకున్నంతగా అమ్ముడుపోవడం లేదు. ఇంట్లో నలుగురు పిల్లలు, భార్య కేథరిన్ మళ్లీ గర్భవతి. ఆ ఏడాదే, చిన్న వయసులో పనుల్లో మగ్గుతున్న పిల్లలపై ప్రభుత్వ కమిషన్ ఇచ్చిన రిపోర్టు ఆయన చేతికొచ్చింది. చదివి చలించిపోయారు. వెంటనే ఓ కరపత్రం వేద్దామనుకుని ఆగిపోయారు. సెప్టెంబర్‌లో లండన్ ఫీల్డ్ లేన్‌లో నిరుపేద పిల్లల కోసం నడిపే ఉచిత బడికి వెళ్లి, అక్కడి ఆకలిని, మురికిని కళ్లారా చూశారు. ఆ తర్వాత కరపత్రం కాదు, కథే రాయడానికి కూర్చున్నారు. ఆగి మంచి పనే చేశారు, కరపత్రమైతే ఈపాటికి ఏ లైబ్రరీ మూలనో పడి ఉండేది.

దాదాపు ఆరు వారాల్లో కథ పూర్తయింది. రాస్తూ ఏడ్చారు, నవ్వారు, రాత్రిళ్లు లండన్ వీధుల్లో మైళ్లకు మైళ్లు నడిచారు. డిసెంబర్ 19న 'ఎ క్రిస్మస్ కరోల్' విడుదలైంది. ధర 5 షిల్లింగులు. క్రిస్మస్ ముందు రోజుకల్లా 6 వేల కాపీలు అయిపోయాయి! లాభం మాత్రం అంతంతే. దొంగ ప్రచురణ వేసిన వాళ్లపై కేసు వేసి గెలిచినా, వాళ్లు దివాలా తీయడంతో కోర్టు ఖర్చుల కింద 700 పౌండ్లు ఈయనే కట్టుకోవాల్సి వచ్చింది.

ఇంతకీ స్క్రూజ్ ఎలా మారాడు? ఎవరో ప్రసంగం చేస్తే కాదు. మొదటి ఆత్మ అతన్ని చిన్నప్పటి బడికి తీసుకెళ్తుంది. సెలవులకు అందరూ ఇళ్లకు వెళ్లిపోతే ఒక్కడే మిగిలిన పిల్లాడు కనిపిస్తాడు. ఆ పిల్లాడు తనే. ముసలాయన ఏడుస్తాడు. ముందు రోజు తన గుమ్మం దగ్గర క్రిస్మస్ పాట పాడిన కుర్రాడికి ఏమైనా ఇచ్చి ఉంటే బాగుండేదని అప్పుడనిపిస్తుంది. మనసు కరగడం అక్కడే మొదలు. తెల్లారాక గుమాస్తా ఇంటికి టర్కీ కోడి పంపుతాడు, చర్చికి వెళ్తాడు, మేనల్లుడి తలుపు తడతాడు, మర్నాడు గుమాస్తా జీతం పెంచుతానంటాడు. లూకా సువార్తలో జక్కయ్య కథ తెలిసిన వాళ్లకు ఇది కొత్తేం కాదు. యేసు ఇంటికి వచ్చాక జక్కయ్య కూడా ముందు ఆస్తిలోనే చెయ్యి పెట్టాడు: సగం పేదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి.

ఒంటరి పిల్లాడి బాధ డికెన్స్‌కు బాగా తెలుసు. 1824లో ఆయనకు 12 ఏళ్లు నిండగానే బూట్ పాలిష్ ఫ్యాక్టరీలో పనికి పెట్టారు. వారానికి 6 షిల్లింగులకు డబ్బాలపై లేబుళ్లు అంటించే పని. కొద్ది రోజులకే 40 పౌండ్ల చిల్లర అప్పు తీర్చలేక తండ్రి జాన్ మార్షల్‌సీ జైలు పాలయ్యారు. తర్వాత తల్లి, తమ్ముళ్లు కూడా అక్కడే చేరారు. బయట మిగిలింది ఈ పిల్లాడు. తండ్రి విడుదలై కొన్నాళ్లకు కొడుకుని పని మాన్పిస్తే, తల్లి మళ్లీ పంపుదామన్నారు. ఆ మాటను డికెన్స్ జీవితాంతం మర్చిపోలేదు. ఆమె చివరి రోజుల్లో ఖర్చులు భరించారు గానీ, క్షమించలేకపోయారు.

మనుషులు మారతారన్న నమ్మకం ఆయనకు పుస్తకంతో ఆగలేదు. 1847లో ధనికురాలు ఏంజెలా బర్డెట్ కూట్స్‌తో కలిసి, దారి తప్పారని లోకం వెలివేసిన ఆడవాళ్ల కోసం ఆశ్రమం పెట్టారు. అక్కడికొచ్చిన వాళ్ల గతం ఎవరూ తవ్వకూడదని నియమం. తన పిల్లల కోసం సులువైన మాటల్లో యేసు జీవితం రాసిచ్చారు, అచ్చు వేయనివ్వలేదు. అది 1934లో గానీ బయటికి రాలేదు. అదే మనిషి 1858లో, పది మంది పిల్లల్ని కన్న భార్యను ఇంటి నుంచి పంపించి, ఆ గొడవ గురించి సొంత పత్రికలోనే ప్రకటన వేసుకున్నారు. అభిమానులకైనా ఇది మింగుడుపడని విషయమే.

1853 డిసెంబర్‌లో బర్మింగ్‌హామ్‌లో తొలిసారి జనం ముందు 'కరోల్' చదివారు. ఒక రోజును తక్కువ టికెట్‌తో కార్మికులకే కేటాయించారు. తర్వాత అమెరికా వెళ్లి 1867 క్రిస్మస్ ముందు రోజు బోస్టన్‌లో చదివితే, విన్న ఓ ఫ్యాక్టరీ యజమాని పండగ రోజు ఫ్యాక్టరీ మూసి, పనివాళ్లందరికీ టర్కీ కోళ్లు పంపాడని చెబుతారు.

1869.. డికెన్స్‌కు అదే ఆఖరి క్రిస్మస్. ఇంట్లో అందరూ కూర్చుని మాటలు గుర్తుపెట్టుకునే ఆట ఆడుతున్నారు. ఒక్కొక్కరు ఒక్కో మాట చేర్చాలి. తన వంతు రాగానే డికెన్స్ అదో రకం గొంతుతో ఆ బూట్ పాలిష్ ఫ్యాక్టరీ పేరు, స్ట్రాండ్ వీధిలో డోర్ నంబర్ 30 అని చెప్పారు. ఎవరికీ అర్థం కాలేదు, ఆట సాగిపోయింది. 1870 జూన్ 9న ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత స్నేహితుడు ఫోర్‌స్టర్ రాసిన జీవిత చరిత్ర చదివాకే, ఆ రోజు తండ్రి చెప్పిన చిరునామా ఏమిటో కొడుకు హెన్రీకి తెలిసింది.