డాక్టరు హెన్రీ వెస్లీ వాయిసీ

ఉప్పలు, నాచారము ప్రాంతములందు నూయి త్రవ్వించినవారికి భూమి పొరల క్రమము మేము చెప్పనక్కఱలేదు. మీద ఎఱ్ఱమన్ను, దానిక్రింద పాఱకు లొంగు మొరము, పిదప గడ్డపాఱకుగాని లొంగని మెత్తరాయి, అడుగున మందుపెట్టి పేల్చినగాని పగులని గ్రానైటు. చూపునకు నాలుగు వస్తువులైనను ఇవి సుమారు 250 కోట్ల యేండ్లనాటి యొక్క రాతియొక్క వేర్వేఱు శిథిలావస్థలే. ఈ హైదరాబాదు సీమ శిలలను పరీక్షించి పటమునకెక్కించిన తొలివాడు వాయిసీ దొర. ఆయన చరిత్రము మన విద్యార్థులలో నెఱిగినవారు తక్కువ గావున ఇచ్చట వ్రాయుచున్నాము.

1818వ సంవత్సరారంభమున గవర్నరు జనరలు హేస్టింగ్సు ప్రభువు, కర్నలు లాంబ్టను నడపుచుండిన త్రికోణమితి సర్వేను తన ప్రభుత్వము క్రిందికి దెచ్చుకొనెను. అపుడే జార్జి ఎవరెస్టు ముఖ్యసహాయకుడుగను, వాయిసీ వైద్యుడును భూగర్భశాస్త్రజ్ఞుడునుగను నియమింపబడిరి. రోగులకు మందిచ్చుటయు, రాళ్లు కొట్టి చూచుటయు నొక్కనికే యప్పగించుట విచిత్రముగ దోచవచ్చును. కాని కొలతగాండ్రు దూరదృష్టికై ప్రతి గుట్టయు నెక్కవలసినవారు. వారితో బోవు వైద్యునికి శిలలు చూచుటకు ఇంతకంటె మంచి తావు దొరకదు.

1819లో ఎవరెస్టును వాయిసీయు కృష్ణా గోదావరుల నడిమి యడవులకు బోయిరి. వానకాలపు విషజ్వరము దళమునంతయు గూల్చెను. కొందఱు మరణించిరి. వైద్యుడు తానును మంచమెక్కెను. ఇక నెవ్వరు ఎవ్వరికి మందియ్యగలరు? హైదరాబాదునుండి యేనుగులను పల్లకీలను బంపి మిగిలినవారిని దెప్పింపవలసివచ్చెను. ఎవరెస్టు ఆరోగ్యమునకై మఱుసటియేడు దక్షిణాఫ్రికాకు బోయెను. వాయిసీ కోలుకొని మరల సుత్తి చేతబట్టెను. 1821లో ఆయన హైదరాబాదు ప్రాంతపు శిలాపటమును, దానితో నొక నివేదికయు సిద్ధపఱచెను. ఇండియాలో భూగర్భపటములలో నిదియే మొదటిదని పెద్దలందురు.

నల్లరేగడి బసాల్టు రాయి చివికి యేర్పడినదని ఆయన మతము. అది పూర్తిగ నిజము కాదని తరువాతివారు కనుగొనిరి. గ్రానైటు సీమలోను పల్లపు చోట్ల రేగడి కలదు. అయినను మన్ను తల్లిరాయినిబట్టి యుండునను ఆయన మార్గమే యిప్పటికిని ఇంజనీర్ల మార్గము. వారు రాతిని తాజాశిల మొదలు పూర్తిగ మన్నైన దానివఱకు ఆరు తరగతులుగ విభజింతురు. మట్టిని గులక, ఇసుక, ఒండు, బంక యని కణపరిమాణమును జిగటను బట్టి వేఱుచేయుదురు. రేగడి తడిసిన నుబ్బును, ఎండిన కుంచించుకొనును. దానిమీది గోడలు నెఱ్ఱెలిచ్చును. మొరము నట్టి దోషము లేనిది. కాని మొరములో నక్కడక్కడ గట్టి గుండ్లు దాగియుండును. గుండును జూచి అడుగుశిల తగిలినదని పునాది నిలిపినచో కట్టడమునకు ముప్పు. 2017లో నాగోలునుండి ఉప్పలు మీదుగ నడువనారంభించిన మెట్రో రైలువంటి కట్టడమునకు స్తంభమెత్తుటకు ముందే భూమిని తొలిచి చూచుట యిందులకే.

వాయిసీకి శిలలపై నెంత ప్రీతియో వానితో జీవించు పనివారిపై నంత గౌరవము. బనగానపల్లె వజ్రపు గనులను దర్శించి, వజ్రములు గులకరాళ్లు కలిసి గట్టిపడిన శిలాపొరలో దొరకుటను వివరించెను. నిజామాబాదు సీమలోని కోనసముద్రమునందు కమ్మరులు ఉక్కు చేయుటను దగ్గఱనుండి చూచెను. రెండు చోట్లనుండి తెచ్చిన యినుములను వారు మూసలలో గలిపి కరగించెడివారు. ఆ మూసలు చివికిన గ్రానైటు మట్టితో, పాత కొలిముల పొడియు వరియూకయు నూనెయు గలిపి చేసినవి. ఈ యుక్కుకై పారసీక వర్తకులు అంతదూరము వచ్చెడివారు. ఏ మన్ను నిప్పునకు నిలుచునో ఏ శాస్త్రము చదువకయే యెఱిగిన యా కమ్మరులను, మా యభిప్రాయమున, శిలావర్గీకరణ చేసినవారిలోనే లెక్కింపవలెను.

1823 జనవరిలో లాంబ్టను హింగన్‌ఘాటునందు మరణించెను. ఆ యేప్రిలులో వాయిసీ గావిల్‌గఢు కొండలలో రాతిగ మాఱిన నత్తగుల్లలను గనెను. సరిగా నొక యేటికి, 1824 ఏప్రిలులో, కలకత్తాకు బోవు ప్రయాణమున జ్వరము ఆయనను దీసికొనిపోయెను. వజ్రపు గనుల వ్యాసము 1825లోను, ఉక్కును గూర్చినది 1832లోను, గుల్లలను గూర్చినది 1833లోను అచ్చుపడినవి. ఒక్కటియు ఆయన కన్నులజూడలేదు.